ఆకుపచ్చని పంతొమ్మిదో తేదీ

ఆఫీసు, నాలుగో అంతస్తు,
నీళ్ళ డబ్బా పక్క బల్ల,
మార్చి 3

అత్తా,

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే నీ బదులు మామయ్య "చూసిందిలే" అని జవాబిస్తాడు. నాన్ననడిగితే, "మీ అత్త మొండిదని నీకు తెలీదా, ఉత్తరం రాసి చావు" అన్నాడు. సరే, కాగితాలు కొన్నాను, కవర్లు కొన్నాను, జిగురంతా వేళ్ళకి అంటించుకున్నాను. తృప్తేనా?

మాది అంబులెన్సులు పంపే కేంద్రమని తెలుసుగా. కాల్ తీసుకోవడం, దగ్గర్లో ఏ బండి ఉందో వెతకడం, ఆసుపత్రికి కబురు పెట్టడం, ఇలాంటివన్నీ కలిపి కంప్యూటర్లలో అరవై ఒక్క సర్వీసులు నడుస్తుంటాయి. ఇన్నాళ్ళూ ఏదైనా ఆగిపోతే జనం తిట్టాకే మాకు తెలిసేది. ఇప్పుడు అన్నిటినీ కనిపెట్టుకుని ఉండే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చారు. అందులో ప్రాజెక్టులు ఏర్పాటు చేసే పని నా నెత్తిన పడింది. ప్రాజెక్టు అంటే ఒక గూడు అనుకో. ఏ గూట్లో ఏ సర్వీసులుండాలి, అవి బతికే ఉన్నాయా లేదా అని ఏ పరీక్ష పెట్టాలి, ఆగితే ఎవరి ఫోన్ మోగాలి, అన్నీ నేనే తేల్చాలి. బాధ్యుల పేరు రాయకపోతే గూడు తెరుచుకోనే తెరుచుకోదు. బాగుంటే ఆకుపచ్చ, పడిపోతే ఎరుపు.

మా మేనేజరు విభాగానికొకటి చొప్పున అయిదు ప్రాజెక్టులు చాలంటాడు. ఆయన దేనికైనా "సర్దుకుందాంలే" అంటాడు కాబట్టి మేం సర్దుబాటు సారు అంటాం. నాకెందుకో ఆ అయిదూ నచ్చలేదు. నువ్వు ముప్పై ఏళ్ళు నీళ్ళ బోర్డు కంట్రోల్ రూమ్‌లో గేజీల ముందు కూర్చున్నదానివి. నువ్వైతే ఎలా సర్దుతావు?

నీ మేనకోడలు

*

ఇల్లు, మెట్ల పక్క గది,
మార్చి 11

ఒసేయ్ మిరపకాయ్,

ఫోన్లో నువ్వు నోటికొచ్చింది అంటావు, నేనూ నోటికొచ్చింది అంటాను. కాగితమైతే కలం మూత వెతికేలోపు సగం కోపం చల్లారుతుంది. అందుకే ఉత్తరాలు. ఇక దాని గురించి అడగకు.

మీ సాఫ్ట్‌వేర్ సంగతి నాకేం తెలుస్తుంది కానీ, మీ కష్టం మాత్రం పాతదే. మేం మొదట్లో గేజీల బోర్డులన్నీ ఇంజనీర్ల లెక్కన పెట్టాం. ఫలానా ఇంజనీరు పంపులన్నీ ఒక బోర్డు మీద, ఇంకొకాయనవి ఇంకో బోర్డు మీద. అందరి బోర్డులూ బాగుండేవి. నీళ్ళు రాని వీధి మాత్రం ఎవరి బోర్డులోనూ ఉండేది కాదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు మా ఆఫీసు మెట్లెక్కితే, లోపల మావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. తర్వాత బోర్డులు పీకించి వీధుల లెక్కన పెట్టించాను. ఇంజనీర్లు నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. నాకూ ప్రాణం హాయిగా ఉండేది.

కాబట్టి నీ గూళ్ళు పనిచేసేవాళ్ళ లెక్కన కాదు, ఎదురుచూసేవాళ్ళ లెక్కన కట్టు. ఇంకోటి కూడా గుర్తుంచుకో. గేజి పంపు దగ్గర పెడితే పంపు సంగతే తెలుస్తుంది. నీళ్ళ సంగతి తెలియాలంటే కుళాయి దగ్గర పెట్టాలి.

మామయ్య కులాసా. అటక సర్దుతానని వారం నుంచి బెదిరిస్తున్నాడు.

అత్త

*

ఆఫీసు, అదే బల్ల,
ఏప్రిల్ 2

అత్తా,

నువ్వు చెప్పినట్టే కట్టాను. ఎనిమిది ప్రాజెక్టులొచ్చాయి. రోడ్డు మీద పడిపోయినవాళ్ళకోసం ఒకటి, పురిటి నొప్పులవాళ్ళకోసం ఒకటి, అలా. ఏడింటికి సర్దుబాటు సారు తల ఊపాడు. గొడవంతా ఎనిమిదో దాంతోనే.

అది మెసేజ్ లైను. చెవులు వినపడనివాళ్ళు, మాట రానివాళ్ళు, భయంతో గొంతు పెగలనివాళ్ళు ఫోన్లో టైపు చేసి అంబులెన్సు పిలుచుకునే సర్వీసు. మార్చిలో నాలుగుసార్లు పడిపోయింది, మొత్తం అయిదు గంటలు. కాల్స్ విభాగంలో కలిపేస్తే అన్ని పచ్చల మధ్య ఆ ఎరుపు ఎవరికీ కనపడదు. అందుకే విడిగా పెట్టాను. బాధ్యులుగా ఉంటారా అని నలుగురిని అడిగితే నలుగురూ నీళ్ళు నమిలారు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? నా పేరే రాసుకున్నాను.

నిన్న సారు పిలిచాడు.

"రోజుకి పదిమంది వాడేదానికి విడిగా ప్రాజెక్టెందుకమ్మా? కాల్స్‌లో కలిపెయ్."

"కలపను సార్."

"కలపకపోతే నెలనెలా ఎర్రగా కనపడుతుంది."

"ఎర్రగా ఉంది కాబట్టే కనపడుతోంది సార్. వద్దనుకుంటే లైను బాగుచెయ్యాలి. గూడు మారిస్తే ఏమొస్తుంది?"

ఆయన మొహం చూడాల్సింది. బాధ్యులు ఒప్పుకుంటే తప్ప ఎవరూ ప్రాజెక్టులు కలపలేరు, అది సాఫ్ట్‌వేర్ పద్ధతి. నేను ఒప్పుకునేది లేదు.

మార్చి నెల పట్టిక అచ్చు తీసి జతచేస్తున్నాను. నీ శిష్యురాలి పనితనం కళ్ళారా చూసుకో.

నీ మిరపకాయ్

*

ఇల్లు,
ఏప్రిల్ 10

అమ్మాయ్,

పట్టిక అందింది. చూశాను.

సారు కలపమంటే కలిపెయ్. పదిమంది వాడేదాని కోసం పైవాళ్ళతో తగువెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నీ మిగతా ఏడు గూళ్ళూ బాగానే ఉన్నాయన్నావుగా, వాటిని చూసుకో. ఇలాంటి పట్టికలు ఇక నాకు పంపకు.

మామయ్య బాగానే ఉన్నాడు.

అత్త

*

ఆఫీసు,
ఏప్రిల్ 17

అత్తయ్య గారికి,

ఈ ఉత్తరం రాసింది నువ్వేనా, లేక మా సారు మీ ఇంటికొచ్చి రాయించాడా? నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంజనీర్ల బోర్డులు పీకించిన మనిషి నాకు కందా కత్తిపీటా సామెత చెబుతోంది!

నేను కలపలేదు. కలపను. మొన్న మీటింగులో సారు అందరి ముందూ అడిగాడు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వరస" అన్నాడు. అవును సార్, ఆ దారిన వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకీ అంబులెన్సు కావాలి అన్నాను. నా తరఫున మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఇంటికొచ్చి నీ ఉత్తరం చూసి ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే, జాలిపడకు.

ఇంకో సంగతి. మామయ్య కాలు విరిగి నెలవుతోందని నిన్న నాన్న చెప్పాడు. "బాగానే ఉన్నాడు" అని రాశావు! పిండికట్టులో ఉన్న మనిషి బాగానే ఉన్నట్టా? నా దగ్గర దాచాల్సినంత పరాయిదాన్నయ్యానా?

మేనకోడలు

*

ఇల్లు, మామయ్య మంచం పక్కన,
ఏప్రిల్ 25

నా తల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. దీన్ని చింపేలోపే డబ్బాలో వేసి రమ్మని మామయ్య తలుపు చూపిస్తున్నాడు.

నాకు వినపడదు. మూడేళ్ళవుతోంది. మొదట ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది. ఇప్పుడు కుక్కర్ కూత కూడా ఆవిరి చూసి తెలుసుకోవాల్సిందే. ఫోన్ ఎత్తనిది అందుకు, మొండితనంతో కాదు. మామయ్యకీ డాక్టరుకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు అలారం మోగితే అందరికంటే ముందు లేచినదాన్ని. చెవిటిదాన్నయ్యానని చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుండేది.

మార్చి పంతొమ్మిది, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. అటక మీది పెట్టె దించబోయి మామయ్య స్టూలుతో సహా పడ్డాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. పడ్డ చప్పుడు నాకు తెలియలేదు. మంచినీళ్ళ కోసం లేచి వెళ్తూ చూశాను. కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. నోరు తెరిచి అరుస్తున్నాడు. ఎంతసేపటి నుంచి అరుస్తున్నాడో నాకు తెలియదు, ఆయనా చెప్పడు.

ఆయన ఫోన్ తీసి మీ మెసేజ్ లైనుకి రాశాను. పేజీ ఠక్కున తెరుచుకుంది. "మీ సందేశం అందింది, దయచేసి వేచి ఉండండి" అని వచ్చింది. వేచి ఉన్నాను. ఇంకోసారి రాశాను. ఇంటి నంబరు తప్పు కొట్టానేమోనని మళ్ళీ రాశాను. ఇరవై రెండు నిమిషాలు ఆ గాజు ముక్క వంక చూస్తూ నేల మీద కూర్చున్నాను. జవాబు లేదు. చివరికి వీధిలోకి పరిగెత్తి బేకరీ ఆయన కాళ్ళకి అడ్డం పడితే, తన రొట్టెల బండిలో ట్రేలన్నీ కిందికి లాగి మామయ్యని పడుకోబెట్టి తీసుకెళ్ళాడు.

నీ పట్టిక రాగానే పంతొమ్మిదో తేదీ కోసం వెతికాను. నాలుగు ఎర్రగళ్ళున్నాయి. అందులో నాది లేదు. పంతొమ్మిది ఆకుపచ్చగా మెరిసిపోతోంది.

నీ మీద ఒళ్ళు మండింది. అలాగని రాస్తే చెవుల సంగతీ రాయాలి. అందుకే కలిపెయ్ అన్నాను. నా రోజే అందులో లేనప్పుడు గూడు విడిగా ఉంటేనేం, కలిసి ఉంటేనేం అనుకున్నాను. అది నా పిరికితనం. నువ్వు సారుతో అన్న మాట చదివాక సిగ్గేసింది.

అత్త

*

ఆఫీసు, మెసేజ్ బల్ల దగ్గర నుంచి,
మే 2

అత్తా,

ముందు నా తప్పు చెప్పుకుంటాను, నీ చెవుల గురించి తిట్టడం తర్వాత.

నేను గేజి పంపు దగ్గర పెట్టాను. నువ్వు ఎంత విడమరచి చెప్పినా, ఎదురుచూసేవాళ్ళ లెక్కన గూడు కట్టానని మురిసిపోయి, లోపల పెట్టిన పరీక్ష ఏమిటో మర్చిపోయాను. అది పేజీ తెరుచుకుంటోందా లేదా అని మాత్రమే చూస్తుంది. తెరుచుకుంటే పచ్చ. అవతల జవాబిచ్చే మనిషి ఉందో లేదో దానికి అక్కర్లేదు. నీ ఇరవై రెండు నిమిషాలకి పచ్చరంగు పూసింది సారు కాదు, నేను.

పొద్దుటి నుంచి మెసేజ్ బల్ల అక్క పక్కన కూర్చున్నాను. షిఫ్టుకి ఒక్కతే మనిషి. ఒంటిగంటకి బాక్సు పట్టుకుని లేచింది. "అక్కా, నువ్వు వెళ్తే ఎవరు చూస్తారు?" అన్నాను.

"పక్కవాళ్ళకి చెప్పే పోతా. వాళ్ళ చెవుల్లో వాళ్ళ కాల్స్. ఈ తెర వైపు చూసే తీరికెవరికుంది? రెండో మనిషిని ఇవ్వమని రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా. లైను పడిపోయినట్టు ఎక్కడుందో చూపించమంటారు."

చూపిస్తాం అక్కా అన్నాను. ఇవాళే పరీక్ష మార్చాను. పది నిమిషాలకొకసారి "ఇది పరీక్ష" అని సందేశం వెళ్తుంది, అక్క ఒక మీట నొక్కాలి. మూడు నిమిషాల్లో నొక్కకపోతే ఎరుపు. "నా తిండి లెక్క తీస్తావా?" అని నవ్వి, "తియ్యి. బాగా తియ్యి" అంది. మిగతా రెండు షిఫ్టులవాళ్ళూ సరేనన్నారు.

మూడేళ్ళా అత్తా? మూడేళ్ళ నుంచి నేను ఫోన్ చేసి, ఎత్తలేదని నిన్ను తిట్టుకుంటున్నానా?

నీ మేనకోడలు

*

ఇల్లు,
మే 9

మిరపకాయ్,

తిట్టుకున్నది నాకేమీ వినపడలేదుగా, వదిలెయ్.

మామయ్య కర్రతో నడుస్తున్నాడు. నన్ను పిలవాలంటే ఆ కర్రతో నేలకేసి కొడతాడు, అదురు నా కాళ్ళకి తెలుస్తుంది. కిందింటివాళ్ళు రెండుసార్లు పైకొచ్చి పోట్లాడారు. వాళ్ళన్నవి ఆయన విని, నాకు కాగితం మీద రాసి చూపించాడు. కొన్ని మాటలు నాకూ కొత్తే.

నీ తప్పు నువ్వే ఒప్పుకున్నావు. ముప్పై ఏళ్ళలో అలా ఒప్పుకున్న ఇంజనీరుని ఒక్కణ్ణి చూశాను, ఆయన్నే పెళ్ళి చేసుకున్నాను. పని కానివ్వు.

అత్త

*

ఆఫీసు,
జూన్ 3

అత్తా,

మే నెల పట్టిక వచ్చింది. షిఫ్టుకొకసారి ఎరుపు, ముప్పావుగంట అటూ ఇటూగా. మొత్తం అరవై ఏడు గంటలు మెసేజ్ లైనులో మనిషి లేడు. పాత పరీక్షైతే రెండు గంటలు చూపించేది.

సారు పట్టిక చూసి లేచి నిలబడ్డాడు. "మనిషి అన్నం తినడం కూడా వైఫల్యమేనా? ఇదేం పరీక్ష?"

"మనిషి తినాలి సార్. అందుకే ఇంకో మనిషి కావాలి."

"నన్ను దొంగని చెయ్యాలని చూస్తున్నావు."

నేను ఆయన పేరే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ప్రాజెక్టు కలపడానికి ఒప్పుకోకపోతే వేరే చోటికి బదిలీ చేస్తానన్నాడు. చెయ్యండి, బాధ్యురాలి పేరు మారేదాకా మాత్రం ఒప్పుకోవాల్సింది నేనే, నేను ఒప్పుకోను అన్నాను. బయటికొచ్చాక బదిలీ భయం పట్టుకుంది. అయినా వెనక్కి వెళ్ళి "సరే" అనాలనిపించలేదు.

ఈ నెల ఇరవైన మా కేంద్రం పర్యవేక్షక సంఘం సమావేశం. పైవాళ్ళంతా వస్తారు. సారు చూపించబోయే కాగితంలో అయిదు విభాగాలే ఉన్నాయి, అన్నీ పచ్చే. మెసేజ్ లైను ఊసే లేదు. ఉద్యోగులం మేం మాట్లాడకూడదు, అడిగితేనే చెప్పాలి. కానీ జనంలో ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు.

నువ్వు వస్తావా? వస్తే వందమంది ముందు నీకు వినపడదని చెప్పాలి. అది నీకెంత కష్టమో నాకు తెలుసు. బతిమాలడం లేదు. అడుగుతున్నాను.

నీ మేనకోడలు

*

ఇల్లు,
జూన్ 10

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి విసిరికొట్టాను. ఇన్నాళ్ళు దాచుకున్నది తీసుకెళ్ళి మైకులో చెప్పమంటావా? నా పాత ఆఫీసువాళ్ళు నలుగురైనా ఉంటారక్కడ. "అయ్యో పాపం" అంటారు. అయ్యో పాపం అనిపించుకోవడం కంటే తిట్లు తినడం నయం నాకు.

మామయ్య ఆ ఉత్తరం నేల మీద నుంచి తీసి చదివాడు. వెళ్ళి, ఆ రోజు తాను పడ్డ చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గంటసేపు కూర్చున్నాడు. ఈ మనిషికి మాట్లాడకుండా పోట్లాడటం ఎక్కణ్ణుంచి అబ్బిందో.

వస్తున్నాను. నాలాగా ఇంకెంతమంది ఇంకెన్ని గదుల్లో ఆ గాజు ముక్క వంక చూస్తూ కూర్చున్నారో నాకు తెలియదు. వాళ్ళెవరూ రారు, ఎందుకంటే వాళ్ళకీ నాలాగే సిగ్గు. ఎవరో ఒకరు సిగ్గు వదిలెయ్యాలి. మాటలు రాసుకున్నాను, మూడు పేజీలయ్యాయి. తగ్గించనుగాక తగ్గించను.

అత్త

*

ఒకటో అంతస్తు, పాత ఫైళ్ళ గది,
జూన్ 24

అత్తా,

పై చిరునామా చూశావుగా. నిన్నటి నుంచే బదిలీ. ఇక్కడ నేనూ, నాలుగు బీరువాలూ, బోలెడన్ని చెదపురుగులూ. చెదలకి ఎన్ని ప్రాజెక్టులు పెట్టాలో ఆలోచిస్తున్నాను. నవ్వుతూనే రాస్తున్నాను, నమ్ము.

ఆ రోజు హడావుడిలో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. నువ్వు మైకు ముందు నిలబడి "నాకు వినపడదు. కాబట్టి ప్రశ్నలు కాగితం మీద రాసివ్వండి" అనగానే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "మా ఆయన పడ్డ చప్పుడు నాకు వినపడలేదు" అన్నప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. మెసేజ్ బల్ల అక్క మొహం కప్పుకుని ఏడ్చింది. పంతొమ్మిది మధ్యాహ్నం బాక్సు పట్టుకుని లేచింది తనేనట.

సమయం చూసే పని సర్దుబాటు సారుదే. మూడు నిమిషాలవగానే "అమ్మా, మీ టైమయింది, కూర్చోండి" అన్నాడు. నువ్వు పేజీ తిప్పావు. ఇంకోసారన్నాడు. మళ్ళీ తిప్పావు. మూడోసారి ఏకంగా నీ ముందుకొచ్చి చెయ్యి ఊపుతూ కూర్చోమన్నాడు. నువ్వు ఆయన మొహం వంకే చూస్తూ చదువుకుంటూ పోయావు. చివరికి సంఘం అధ్యక్షురాలే, "ఆవిడకి వినపడదని చెప్పింది కదయ్యా, చదవనివ్వు" అని ఆయన్ని కూర్చోబెట్టింది. తొమ్మిది నిమిషాలు మాట్లాడావు అత్తా!

తర్వాత ఆవిడ పట్టిక తెప్పించుకుని, "మరి పంతొమ్మిది పచ్చగా ఉందేం?" అని అడిగింది. నేను లేచి, అది నా తప్పండీ అని మొదలుపెట్టి అంతా చెప్పాను. మే పట్టిక చూపించాను.

తీర్మానం నకలు ఇవాళ వచ్చింది. ఒకటో తారీకు నుంచి మెసేజ్ బల్లకి షిఫ్టుకి ఇద్దరు. ప్రాజెక్టు విడిగానే ఉంటుంది, సంఘం అనుమతి లేకుండా ఎవరూ కలపకూడదు. బాధ్యులుగా నా పేరు తీసేసి మేనేజరు పేరు రాశారు. ఇకమీదట ఎరుపొస్తే మొదట మోగేది ఆయన ఫోనే.

నా బదిలీ గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అనకపోతే నేనే అంటాను. అధ్యక్షురాలికి ఉత్తరం రాశాను, నీ దగ్గర నేర్చుకున్నట్టు మూడు పేజీలు.

ఒక్కటి మాత్రం తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఆయన గొంతు నీ చెవిన పడి ఉంటే మర్యాదకైనా మధ్యలో ఆపేసేదానివి. నీకు వినపడకపోవడమే మంచిదైంది.

నీ మిరపకాయ్

*

ఇల్లు,
జూలై 1

మిరపకాయ్,

చెదపురుగుల గదిలో ఎక్కువ రోజులు ఉండకు. జవాబు రాకపోతే ఇంకో మూడు పేజీలు రాయి.

నీ దగ్గర ఇక దేన్నీ దాచకూడదనుకున్నాను, కాబట్టి చెబుతున్నాను. మూడేళ్ళుగా మనుషుల పెదవులు చూసే బతుకు వెళ్ళదీస్తున్నాను. మీ సారు మొదటిసారి కూర్చోమన్నప్పుడే నాకు తెలిసింది. రెండోసారీ తెలిసింది. మూడోసారి అన్నప్పుడే గొంతు పెంచాను.

అత్త